ఎనిమిది జరీ ముక్కల వ్యాయామం

"మీ శీర్షికలో ఎప్పుడు చూసినా నడవండి, వంగండి, లేవండి అని రాస్తుంటారు. పొద్దున్న అయిదింటికి లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా మేం చేసేది వ్యాయామం కాక మరేమిటండీ?" అని ఒక సోదరి కాస్త కోపంగానే ఉత్తరం రాశారు. అదే కట్టలో ఇంకో ఉత్తరం ఉంది. ఆవిడ ఫోనులో ఎవరో చైనా వ్యాయామం చేస్తుంటే చూశారట. చీగాంగ్ అంటారట దాన్ని. "రోజూ చేస్తే బి.పి. మాత్రలు అక్కర్లేదని అందులో చెప్పారు. పది రోజుల నించి మాత్రలు మానేసి చేస్తున్నాను. ఒళ్ళు తేలిగ్గానే ఉంది. ఇలాగే కొనసాగించమంటారా?" అని అడిగారు.

రెండో ఉత్తరానికి సమాధానం ముందు చెప్పేస్తాను. వారం ఆగితే సరిపోయే విషయం కాదది. అమ్మా, వ్యాయామం హాయిగా చేసుకోండి. మాత్రలు మానేసిన సంగతి మాత్రం ఇవాళే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి దాచకుండా చెప్పి, ఆయన ఎలా మొదలుపెట్టమంటే అలా మళ్ళీ మొదలుపెట్టండి. బి.పి. పెరిగితే తల తిరగాలనీ, ఒళ్ళు బరువెక్కాలనీ ఏమీ లేదు. చాలామందికి ఏమీ తెలియకుండానే పెరిగి కూర్చుంటుంది. ఒళ్ళు తేలిగ్గా ఉందని సంబరపడితే లాభం లేదు, చేతికి పట్టీ కట్టి చూసిన అంకెనే నమ్మాలి.

ఇంతకీ ఏమిటీ చీగాంగ్? "చీ" అంటే ఊపిరి, గాలి, మనం ప్రాణం అంటామే అలాంటిది. (మనకి వినడానికి ఛీకొట్టినట్టుంటుంది గానీ, వాళ్ళకి చాలా పెద్ద మాట!) "గాంగ్" అంటే రోజూ పట్టుబట్టి చేస్తే వచ్చే నేర్పు, సాధన. నెమ్మదైన కదలిక, దానితోపాటు సాగే ఊపిరి, ఆ రెంటి మీద నిలిపిన మనసు, ఈ మూడూ కలిస్తే చీగాంగ్. చైనాలో ఏ ఊరి పార్కులో చూసినా తెల్లవారుజామున పదిమందీ చేరి చేస్తుంటారు. వాళ్ళలో నడివయసు దాటిన ఆడవాళ్ళు చాలామంది ఉంటారు.

ఆ పేరు ఇప్పుడు మనం వాడుతున్న అర్థంలో స్థిరపడింది 1949 ప్రాంతంలోనే గానీ, పద్ధతి మాత్రం చాలా పాతది. 1973లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా ఊరి దగ్గర, మావాంగ్‌దుయ్ అనే చోట పాత సమాధి తవ్వుతుంటే పట్టుగుడ్డ మీద వేసిన బొమ్మ ఒకటి దొరికింది. ఆ సమాధి క్రీస్తుకు పూర్వం 168వ సంవత్సరం నాటిది. గుడ్డ మీద 44 మంది వరసల్లో నిలబడి, ఒకరు చేతులు చాచి, ఒకరు వంగి, ఒకరు కొంగలా సాగి వ్యాయామం చేస్తుంటారు. నాకు ముచ్చటేసిన సంగతేమిటంటే, అందులో మగవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. రెండు వేల ఏళ్ళ కిందటి మాట!

చీగాంగ్‌లో రకాలు లెక్కలేనన్ని. ఇంట్లో, ఉన్న కాస్త జాగాలో, చీరతో కూడా చేసుకోగలిగింది మాత్రం బాదువాన్‌జిన్. ఆ మాటకి ఎనిమిది ముక్కల జరీపట్టు అని అర్థం. నేతలో జరీ సాగినట్టు ఒక్కో కదలికా మెత్తగా, తెగకుండా సాగాలని కాబోలు ఆ పేరు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చైనా పుస్తకాల్లోనే ఈ పేరు కనిపిస్తుంది. 2003లో అక్కడి ప్రభుత్వ క్రీడాశాఖ వాళ్ళు దీన్ని ఒక పద్ధతిలో పెట్టి పుస్తకంగా వేశారు. మొత్తం చేయడానికి 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు మొదటి సోదరి కోపం సంగతి చూద్దాం. ఇంటిపని కష్టం కాదని నేనెందుకంటాను? నేనూ చేస్తున్నదే కదా. కానీ ఒక్కరోజు మీ ఒంటిని మీరే గమనించుకోండి. కూర తరిగేటప్పుడు ముందుకి వంగుతాం. చపాతీలు వత్తేటప్పుడు ముందుకే. సింకు దగ్గర, ఇల్లు తుడిచేటప్పుడు, పిల్లాడి చేత హోంవర్కు చేయించేటప్పుడు, ఆఖరికి ఫోను చూసేటప్పుడు కూడా మెడ ముందుకే. దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడో, అటక మీంచి డబ్బా దించేటప్పుడో తప్ప రోజు మొత్తంలో మన చెయ్యి భుజం దాటి పైకి లేవదు. వెనక్కి తిరిగి చూడాలన్నా మెడ తిప్పం, మనిషంతా తిరుగుతాం. బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, దించేదాకా వదలం. అంటే ఒళ్ళు అలిసిపోతుంది గానీ, అన్ని కీళ్ళూ అన్ని వైపులకీ తిరగవు. ఒకే పక్క అరిగిన చెప్పులా తయారవుతాం. అందుకే సాయంత్రానికి భుజాలు పట్టేసి, మెడ కిందనించి సలుపు మొదలవుతుంది. బాదువాన్‌జిన్‌లో కదలికలు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున ఉంటాయి. పైకి సాగడం, ఛాతీ విప్పడం, వెనక్కి చూడటం, మడమలు లేపడం. నాకు ఇది నచ్చడానికి అసలు కారణం అదే.

చేసే పద్ధతి చెబుతాను. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు బిగించకుండా కాస్త వదులుగా నిలబడండి. భుజాలు జారవిడవండి. నాలుగైదు సార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలండి.

మొదటిది ఆకాశాన్ని మోయడం. రెండు చేతుల వేళ్ళూ పొట్ట ముందు ఒకదాన్లో ఒకటి జొనిపి, అరచేతులు పైకి ఉండేలా పట్టుకోండి. ఊపిరి పీలుస్తూ ఛాతీ దాకా తెచ్చి, అక్కడ అరచేతులు తిప్పి, తల మీదికి ఏదో పెద్ద గంగాళాన్ని మోస్తున్నట్టు పైకి నెట్టండి. చూపు చేతుల మీద. పక్కటెముకలు విడివిడిగా సాగుతున్నట్టు తెలుస్తుంది. ఒక్క క్షణం ఆగి, చేతులు విడదీసి ఊపిరి వదులుతూ పక్కలనించి మెల్లగా దించండి. ఇలా ఆరుసార్లు. మొదటిరోజు మోచేతులు పూర్తిగా చాచలేకపోతే ఏం ఫర్వాలేదు, ఎంతవరకు వస్తే అంతవరకే. భుజం పట్టేసి చెయ్యి లేవనివాళ్ళు నొప్పి మొదలయ్యే చోటికి ఇవతలే ఆగిపోవాలి.

రెండోది విల్లు లాగడం. ఎడమకాలు ఒక అడుగు పక్కకి వేసి, కుర్చీ అంచున కూర్చోబోతున్నట్టు కొద్దిగా దిగండి. ఎడమచెయ్యి పక్కకి చాచి చూపుడువేలు నిలబెట్టండి, కుడిచేత్తో నారి లాగుతున్నట్టు భుజం దాకా తెండి. చూపు ఆ చూపుడువేలి మీద. తర్వాత రెండోపక్క. ఇవతల మూడు, అవతల మూడు. రోజంతా ముడుచుకుపోయిన ఛాతీ ఇక్కడ విప్పుకుంటుంది.

మూడోది సులువు. ఒక అరచెయ్యి పైకప్పుని నెడుతుంది, రెండోది నేలని నొక్కుతుంది, చేతులు మార్చి మార్చి చేయాలి. జీర్ణానికి మంచిదని వాళ్ళ నమ్మకం. జీర్ణం సంగతి నేను చెప్పలేను గానీ, నడుం పక్కలకి మాత్రం చక్కగా సాగుతుంది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం. నిటారుగా నిలబడి, చేతులు పక్కలకి జారవిడిచి, అరచేతులు బయటికి తిప్పుతూ, తల మెల్లగా ఎడమకి తిప్పి భుజం మీంచి వెనక్కి చూడాలి. నడుం, మోకాళ్ళు కదలకూడదు. మళ్ళీ మధ్యకి వచ్చి కుడికి. అయిదు రకాల అలసటలూ ఏడు రకాల గాయాలూ పోవడానికి వెనక్కి చూడమంటుంది దీని పేరు. ఆ అయిదు అలసటలేమిటో పాత చైనా వైద్య గ్రంథం చెప్పింది. ఎక్కువసేపు చూడటం, ఎక్కువసేపు పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం. చూశారా, నిలబడటం కూడా అలసటేనని ఎవరో ఒకరు అన్నారు! గట్టు ముందు గంటల తరబడి నిలబడేవాళ్ళని "నువ్వేం చేశావే ఇంట్లో" అని అడిగేవాళ్ళకి ఇది చదివి వినిపించాలి. ఏడు గాయాలంటే మనసుకి సంబంధించినవని చాలామంది చెబుతారు. కోపం, దిగులు, భయం, ఆలోచన, దుఃఖం ఇలాంటివి. అతి సంతోషం కూడా ఆ లెక్కలోదేనట. మెడలో ఎముకలు అరిగినవాళ్ళూ, మెడ తిప్పితే తల తిరిగేవాళ్ళూ దీన్ని డాక్టరుని అడగందే చేయకండి.

అయిదోదానిలో కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, కిందికి దిగి, తలనీ నడుమునీ ఒక పక్కనించి ఇంకో పక్కకి ఊపుతూ తిప్పాలి. గుండెలో మంట, అంటే చిరాకూ వేడీ, తగ్గుతుందంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దీన్ని వదిలేయండి. మరీ చేయాలనిపిస్తే కుర్చీలో కూర్చుని నడుం పైభాగం మాత్రం మెల్లగా ఊపండి. ఆరోదానిలో అరచేతులతో వీపు నుంచి కాళ్ళ వెనకభాగం మీదుగా నిమురుతూ పాదాల దాకా వంగి, మళ్ళీ లేవాలి. బి.పి. అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా ఉన్నవాళ్ళు, నడుంలో డిస్కు జారినవాళ్ళు తల కిందికి వేలాడేలా వంగకూడదు. చేతులు మోకాళ్ళ దాకా పోతే చాలు. లేచేటప్పుడు గబుక్కున లేవకండి.

ఏడోది తమాషాగా ఉంటుంది. కాస్త దిగి నిలబడి, పిడికిలి బిగించి, కళ్ళు పెద్దవి చేసి ఉరిమి చూస్తూ, నీళ్ళలో గుద్దుతున్నట్టు మెల్లగా ఒక్కో పిడికిలీ ముందుకి చాచాలి. ఇంట్లో ఎవరి మీదైనా కోపం ఉంటే ఇది మరీ బాగా కుదురుతుంది. అద్దం ముందు మాత్రం చేయకండి, నవ్వొచ్చి ఊపిరి తప్పుతుంది!

ఎనిమిదోది ఆఖరిది. పాదాలు దగ్గర పెట్టి, మడమలు పైకెత్తి, తల మాడు పట్టి ఎవరో పైకి లాగుతున్నట్టు సాగి, ఒక క్షణం ఉండి, మడమలు నేలకి తేలిగ్గా దించాలి. ఏడుసార్లు. వాళ్ళయితే చివర్లో చిన్న అదురు వచ్చేలా దించుతారు. మనలో ఎముకలు గుల్లబారినవాళ్ళు ఎక్కువ. ముఖ్యంగా చిన్నవయసులోనే గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్ళకి ఎముకలు త్వరగా బలహీనపడతాయి. అలాంటివాళ్ళు అదురు లేకుండా పిల్లి అడుగులా దించండి. పిక్కల కండరాలు కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపుకి నెట్టే పంపులాంటివి. ఎక్కువసేపు కదలకుండా నిలబడితే ఆ పంపు పనిచేయదు, సాయంత్రానికి పాదాలు వాచేది అందుకే. ఈ ఒక్కటీ అయినా రోజులో రెండు మూడుసార్లు గోడ పట్టుకుని చేసుకోవచ్చు. పొయ్యి మీద పాలు పెట్టి ఆ పక్కనే మాత్రం వద్దు సుమా!

"మనకి ప్రాణాయామం ఉండగా చైనా వాళ్ళది ఎందుకు?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. చేస్తున్నవాళ్ళు మానక్కర్లేదు. కాకపోతే ఇందులో రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి, కింద కూర్చోనక్కర్లేదు. మోకాళ్ళు పట్టేసి, కింద కూర్చుంటే లేవడానికి మనిషి సాయం కావాల్సిన వాళ్ళకి నిలబడి చేసేది నయం కదా. రెండు, ఊపిరిని కష్టపడి బిగబట్టే పని లేదు. చెయ్యి లేస్తుంటే పీల్చడం, దిగుతుంటే వదలడం, అంతే. కుదరకపోతే మామూలుగా పీల్చండి, కదలిక అలవాటయ్యాక ఊపిరి దానంతటదే కలుస్తుంది.

మనసు సంగతి. మెల్లగా ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది శరీరధర్మం. దానికి తోడు కదలిక ఇంత నెమ్మదిగా ఉంటే మనసు దాన్ని పట్టుకోక తప్పదు. గబగబా చేసే పనిలో చేతులు ఒకచోట, ఆలోచన ఇంకోచోట ఉంటాయి. పప్పు కడుగుతూ ఫీజుల గురించి, ఫీజుల గురించి మాట్లాడుతూ రేపటి పప్పు గురించి! ఇక్కడ అలా కుదరదు. అయితే ఈ 15 నిమిషాలూ తలుపు దగ్గరగా వేసుకునే ఏర్పాటు చేసుకోవాలి. "అమ్మా, నా సాక్సు ఎక్కడ?" అని మూడుసార్లు పిలుపొస్తే ఏ చీగాంగూ పనిచేయదు. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, మొదటి వారం గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

గంటలు గంటలు కూర్చుని శక్తి తిరుగుతోంది, వెలుగులు కనిపిస్తున్నాయి అనే దాకా పోవద్దు. చైనాలో 1980ల్లో చీగాంగ్ పెద్ద జ్వరంలా పాకింది. స్టేడియాలు నిండేవి. దూరం నించే శక్తి పంపి రోగాలు కుదురుస్తామన్న గురువులు బయల్దేరారు. అతిగా చేసి మతి చలించిన వాళ్ళూ ఉన్నారు. 1994లో అమెరికాలోని మానసిక వైద్యుల సంఘం వేసిన జబ్బుల పుస్తకంలో దీని గురించి ప్రత్యేకంగా పేరుపెట్టి మరీ రాశారు. కాబట్టి మానసిక జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి, ఇలాంటి కదలికలతో సరిపెట్టుకోవాలి.

మళ్ళీ మాత్రల దగ్గరికి వస్తాను. చీగాంగ్‌తో రోగం నయమైందని చెప్పేటప్పుడు అందరూ తలుచుకునే పేరు ఒకటుంది, గువో లిన్. ఆవిడ చిత్రకారిణి. గర్భాశయానికి కేన్సర్ వచ్చింది, ఒకటికి ఆరు ఆపరేషన్లు జరిగాయి. చిన్నప్పుడు ఇంట్లో నేర్చుకున్న ఊపిరి సాధనని గుర్తు చేసుకుని, నడుస్తూ చేసే ఒక పద్ధతిని తయారుచేసుకున్నారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని అణిచేస్తుంటే, 1970ల మొదట్లో బీజింగ్ పార్కుల్లో తోటి రోగులకి నేర్పడం మొదలుపెట్టారు. అధికారులు వెంటపడ్డా మానలేదు. 1984లో చనిపోయేదాకా నేర్పుతూనే ఉన్నారు. చిత్రమేమిటంటే, ఆవిడ కథ చెప్పి మందులు మానమనేవాళ్ళు ఆ ఆపరేషన్ల ముక్క వదిలేస్తారు. ఆవిడ కత్తికి ఒప్పుకున్న తర్వాతే కదా ఈ సాధన చేసింది! ఆవిడ గొప్పతనం నాకు మరోచోట కనిపిస్తుంది. కేన్సరని చెప్పగానే ఇంట్లో మూలన పడుకుని రోజులు లెక్కపెట్టుకునే ఆడవాళ్ళని, పదిమందితో కలిసి పార్కులో నడిచేలా చేశారు.

డాక్టర్లు చేసిన పరిశీలనలేమంటున్నాయి? మోకాళ్ళ నొప్పి, నిద్ర, తూలిపోకుండా నిలబడటం, దిగులు, ఆందోళన, వీటిలో చీగాంగ్ వల్ల మేలు కనిపించిందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. బి.పి. కూడా కాస్త తగ్గిందంటారు. అయితే చాలావాటిలో మనుషులు కొద్దిమందే, చూసింది కొద్ది నెలలే. చీగాంగ్‌కి అక్కచెల్లెలు లాంటి తాయ్ చీ మీద బోస్టన్ నగరంలో 204 మంది మోకాళ్ళ నొప్పుల రోగులతో కాస్త గట్టి పరిశీలన జరిగింది. 12 వారాలు చేశాక ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్ళకి ఎంత గుణం కనిపించిందో, తాయ్ చీ చేసినవాళ్ళకీ దాదాపు అంతే కనిపించిందని 2016లో ప్రకటించారు. మంచి మాటే కదా! అలాగని బి.పి. మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర చేసే పని చేతులూపితే జరుగుతుందని వీటిలో ఏదీ చెప్పడం లేదు.

మాత్ర తగ్గించుకోవాలని ఆశ ఉంటే దానికి దారి ఉంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. వారానికి రెండు మూడు రోజులు, ఒకే వేళకి, అయిదు నిమిషాలు కూర్చున్న తర్వాత బి.పి. చూపించుకుని తేదీ వేసి రాయండి. వ్యాయామం చేసిన రోజులకి పక్కన టిక్కు పెట్టండి. రెండు మూడు నెలలయ్యాక ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి. అంకె బాగా తగ్గితే మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు.

ఇక చిన్న చిన్న సందేహాలు. భోజనం చేసిన వెంటనే చేయకండి, గంటన్నర ఆగండి. పరగడుపున కళ్ళు తిరిగేవాళ్ళు ఏదైనా కాస్త తిని చేయండి. షుగరుకి మందులు వాడేవాళ్ళయితే మరీ ముఖ్యం. చెప్పుల్లేకుండా చేసేటట్టయితే నేల తడి లేకుండా చూసుకోండి. చీర కాస్త ఎత్తి కట్టుకోవాలి, రెండో కదలికలో కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం వస్తాయి. గర్భిణీలూ, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్ళూ అడగనిదే మొదలుపెట్టకూడదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం ఏది వచ్చినా అక్కడే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎనిమిదీ ఒకేరోజు నేర్చుకోవాలని లేదు. ఈ వారం మొదటిదీ, నాలుగోదీ, ఎనిమిదోదీ చేసి చూడండి, మిగతావి ఒక్కొక్కటే కలుపుకోండి.

కోపంగా రాసిన సోదరీ, మీరు కూడా ఒక్క నెల చేసి భుజాల సలుపు ఎలా ఉందో రాయండి. తగ్గకపోతే ఆ ఉత్తరం కూడా తప్పకుండా వేస్తాను.